మూడో పేరా

ఆదివారం పొద్దున

ప్రియమైన వదినకు,

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఈ అర్ధమొగుడికి ఉత్తరం రాసే ఓపిక కూడా అర్ధమే మిగిలింది, సర్దుకో. ఫోన్ చెయ్యనని అన్నయ్య విసుక్కుంటున్నాడట. నేను లేచేసరికి నువ్వు కోర్టులో ఉంటావు. నువ్వు ఇంటికొచ్చేసరికి నేను ఆఫీసులో ఉంటాను, అక్కడ ఫోన్లు గుమ్మం దగ్గరే తీసుకుని పెట్టెలో పెట్టేస్తారు. సముద్రం అవతల లాయర్లు లేస్తేనే మాకు తెల్లవారినట్టు. నాకంటూ మిగిలేది ఈ ఆదివారం ఒక్కటే.

నా పనేమిటని నాన్న మళ్లీ అడిగాడన్నావు. ఈసారి ఇలా చెప్పు. అక్కడ ఒక లాయరును పెట్టుకునే ఖర్చుతో ఇక్కడ అరడజను మందిని పెట్టుకోవచ్చు. అందుకని కాగితాలు మాకు పంపుతారు. ఒప్పందాలు చదవడం, పాత తీర్పులు వెతకడం, దావాలకు జవాబులు రాయడం, అన్నీ మేమే. హాలు నిండా లాయర్లమే, ఒక్కరి ఒంటి మీదా నల్లకోటు లేదు. ఫైలు తెరవగానే స్క్రీన్ మూలన గడియారం తిరగడం మొదలుపెడుతుంది. మంచినీళ్లకు లేచినా అది ఆగదు. రాయడం పూర్తయితే కాగితం వెళ్లిపోతుంది, ఎవరో సంతకం పెడతారు, నాకు ఇంకో ఫైలు వస్తుంది. నేను రాసిన కేసు గెలిచిందో ఓడిందో ఇంతవరకు ఒక్కసారి కూడా తెలియలేదు.

నాన్న మనిద్దరినీ ముందుగదిలో చెరో బల్ల దగ్గర కూర్చోబెట్టి డ్రాఫ్టులు రాయించిన రోజులు గుర్తొస్తున్నాయి. మన దగ్గర ఉంచుకునే కాపీ వెనక, రాసినవాళ్ల పేరు పెన్సిలుతో రాసి తీరాలనేవాడు. "కాగితానికీ పుట్టిల్లుండాలమ్మా" అని. అప్పుడు చాదస్తమనుకునేదాన్ని. ఇక్కడ నేను రాసేవాటికి పుట్టిల్లు లేదు.

ఏడుపుగొట్టు ఉత్తరమైపోయింది. నాన్న మోకాలు ఎలా ఉంది? నా బల్ల మీద పాత పేపర్లు పడేస్తున్నావని నాకు తెలుసు. తీసెయ్.

నీ పేచీకోరు



ప్రియమైన పేచీకి,

నేను కాపురానికొచ్చిన రోజే ఫ్యాను కింద కుర్చీ కోసం నాతో తగువు పెట్టుకున్నావని నీకా పేరు పెట్టాను. అలాంటిదానివి ఒక గడియారానికి జడుసుకుంటున్నావంటే నాకేం బాగాలేదు. నాలుగు రోజులు సెలవు పెట్టి రా. పేపర్లు తీసేశాను. అబద్ధం, పక్కకు జరిపాను.

మామయ్య మోకాలు అలాగే ఉంది, చెప్పిన మాట వినకపోవడమూ అలాగే ఉంది. కోర్టుకు రావడం మానేశారన్న మాటే గానీ, ఆయన కళ్లజోడు పెట్టుకుని చదవకుండా నా డ్రాఫ్టు ఏదీ గడప దాటదు.

ఒక కొత్త కేసు పట్టుకున్నాను. సీసాల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె, కుడి చెయ్యి మణికట్టు దాకా యంత్రంలో పోయింది. నా ముందు కూర్చుని మొదట అడిగింది పరిహారం గురించి కాదు, ఒంటి చేత్తో కూతురికి జడ ఎలా వెయ్యాలని. చెయ్యి లోపలికి పోకుండా ఆ యంత్రానికి ఇనుప జాలీ ఉంటుంది. ఆ రోజు దాన్ని తీసింది ఆమే. లోడు తొందరగా వెళ్లాలి, తీసెయ్యమని సూపర్‌వైజర్ చెప్పాడంటోంది. చెప్పాడనడానికి సాక్ష్యం లేదు. పక్కన పనిచేసేవాళ్లు నోరు విప్పరు, వాళ్ల ఉద్యోగాల భయం వాళ్లది. అసలు యజమానులు ఎక్కడో వేరే దేశంలో ఉంటారట. ఈ కేసు పోతే ఆమెకు ఇంకో దారి లేదు. చెయ్యి లేని మనిషికి ఏ ఫ్యాక్టరీ గేటు తెరుస్తుంది?

మామయ్య పాఠం గుర్తుందిగా? మన కేసులో ఉన్న లోటును మూడో పేరాలో మనమే చెప్పెయ్యాలి, అవతలివాడు ఎత్తిచూపేదాకా ఆగకూడదు. జాలీ తీసింది తానేనని మూడో పేరాలో రాసేశాను. ఆమె హడలిపోయింది. మామయ్యే కూర్చోబెట్టి సర్దిచెప్పారు. "ముందే చెప్పేస్తే వాళ్ల చేతిలో కర్ర ఉండదమ్మా" అని.

నువ్వు పక్క బల్ల దగ్గర ఉంటే ఇంకా పదునుగా వచ్చేది. ఈ మాట మీ అన్నయ్యకు చెప్పకు, నెత్తినెక్కిస్తున్నానంటారు.

నీ వదిన



ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. తిట్టుకునే ఉంటావు.

ఒక్క మాట. ఇకనుంచి నాకు కేసుల సంగతులు రాయకు. ఆ ఫ్యాక్టరీ కేసు గురించి అసలే వద్దు. కారణం అడగకు, నాన్నను కూడా అడగనివ్వకు. ఇంటి సంగతులు రాయి. పెరటి కుళాయి కారడం ఆగిందా? అన్నయ్య దాన్ని తనే బాగుచేస్తానని ఇంకా బెదిరిస్తున్నాడా?

ఈ మధ్య కంచం ముందు కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది, పడుకుంటే మెలకువ వస్తుంది. నా గది కిటికీకి ఎదురుగా ఇంకో ఇంటి గోడ. దాన్ని చూస్తూ కూర్చుంటే ఆదివారం గడిచిపోతోంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంతకంటే చెప్పలేను.

నీ మరదలు



ప్రియమైన పేచీకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివినప్పుడల్లా కోపమొచ్చింది. విదేశీ కాగితాలు చూసేవాళ్లకు మా చిన్న కోర్టు గొడవలు చులకనయ్యాయా అనుకున్నాను. "అలిసిపోయిన పిల్లతో తగువేంటి, వదిలెయ్" అన్నారు మీ అన్నయ్య. సరే, వదిలేశాను.

కుళాయి ఆగింది. ఇప్పుడు దాని పక్క గోడ చెమ్మెక్కుతోంది. మీ అన్నయ్యే బాగుచేశారు మరి.

కంపెనీవాళ్ల జవాబు కోర్టులో దాఖలైంది. అందులో ఏముందో రాయను, నువ్వు వద్దన్నావు. రాసినవాళ్లెవరో గానీ గట్టిపిండం. మామయ్య దాన్ని రెండుసార్లు చదివి, పెన్సిలెక్కడుందని అడిగి తీసుకున్నారు. ఆ రోజు సరిగ్గా భోంచెయ్యలేదు. పెరట్లో నీ పాత కుర్చీలో చీకటి పడేదాకా కూర్చున్నారు.

ఒంట్లో బాగాలేకపోతే బాగాలేదని రాయి. మాతో దాపరికమెందుకు?

నీ వదిన



ప్రియమైన వదినా,

ఈ ఉత్తరం నువ్వు ఒంటరిగా చదువు. తర్వాత నాన్నకు చెప్పాలో వద్దో నీ ఇష్టం.

ఆ జవాబు రాసింది నేనే.

మన ఊళ్లో వేసిన దావా సముద్రం దాటి యజమానుల లాయర్ల దగ్గరికి వెళ్లింది. వాళ్లు దాన్ని మా ఆఫీసుకు పంపారు. తిరిగి తిరిగి నా ముందుకే వచ్చింది. పేర్లన్నీ నల్లగా కొట్టేసి ఉన్నాయి. మొదటి రెండు పేరాలు మామూలుగా చదివాను. మూడో పేరాకు వచ్చేసరికి, జాలీ తీసింది తానేనని దావా వేసిన మనిషే ఒప్పుకుంటోంది. అలా రాసేవాళ్లు నాకు తెలిసి లోకంలో ముగ్గురే ఉన్నారు.

వెంటనే మా టీమ్ లీడర్ దగ్గరికి వెళ్లాను. అవతలి పక్షం లాయరు మా వదిన, ఈ ఫైలు నేను చెయ్యకూడదన్నాను. ఆయన నవ్వాడు. "అవి సంతకం పెట్టేవాళ్లు చూసుకోవాల్సిన సంగతులు. మీ పేరు ఎక్కడా ఉండదు కదండీ, పేరు లేనివాళ్లకు చుట్టరికాలేంటి?" అన్నాడు. నేను సీటుకు వచ్చేసరికి గడియారం తిరుగుతూనే ఉంది.

ఉద్యోగం మానేసి వచ్చెయ్యాల్సింది. ఆ రోజు ఆ మాట తట్టలేదు వదినా. నాలో అంత సత్తువ లేదు. రాశాను. నీ మీద ఎలా గెలవాలో అలాగే రాశాను. అనుభవమున్న మనిషి, ప్రమాదమని తెలిసీ చెయ్యి పెట్టింది, అది ఆమె తప్పేనని ఆరో పేరాలో గట్టిగా వాదించాను. అయితే వాళ్లు పంపిన కాగితాల్లో సూపర్‌వైజర్ చేత్తో రాసిచ్చిన వాంగ్మూలం ఉంది. లోడు తొందరలో జాలీ లేకుండా నడపమని తానే చెప్పానని. ఆ సంగతి మూడో పేరాలో పడింది.

తెలిసే రాశావా అని నాన్న అడుగుతాడు. తెలిసి రాయలేదు. నాన్న నేర్పిన వరస, చెయ్యి దానంతటది రాసుకుపోయింది. రాశాక మొత్తం చదువుకున్నాను. కక్షిదారుకు చెప్పకుండా అంత మాట ఒప్పేసుకోకూడదని తెలుసు. చెరపడానికి ఒక్క మీట నొక్కితే చాలు. నీ ఉత్తరంలో రాసిన జడ సంగతి గుర్తొచ్చింది. చెరపలేదు.

అక్కడి లాయర్లు గానీ కంపెనీవాళ్లు గానీ ఒక్కరూ చదవకుండానే సంతకం పెట్టారు. కోర్టులో పడ్డాక కళ్లు తెరిచి, రాసిందెవరని వెతికారు. పేరు ఎక్కడా ఉండదన్నవాళ్లకు ఆ రోజు నా పేరు భలే దొరికింది. ఉద్యోగం పోయింది. బాధగా లేదు, రెండు రోజులు ఒళ్లెరగకుండా నిద్రపోయాను. నాన్న ముఖం ఎలా చూడాలన్నదే దిగులు. నీకు ఎదురుగా నిలబడి రాశాను, నా కక్షిదారుకూ పూర్తిగా న్యాయం చెయ్యలేదు. రెంటికీ చెడ్డాను. రమ్మంటే వస్తాను, వద్దంటే ఇక్కడే ఏదో వెతుక్కుంటాను.

నీ మరదలు



ప్రియమైన పేచీకి,

నీ ఉత్తరం ఒంటరిగానే చదివాను. నిన్న వాయిదా ఉంది, ఆ సంగతీ కలిపి రాద్దామని రెండు రోజులు ఆగి జవాబు రాస్తున్నాను.

కంపెనీ లాయరు లేచి, మూడో పేరా పొరపాటున పడింది, దాన్ని వెనక్కి తీసుకోనివ్వండని అడిగాడు. జడ్జిగారు కాగితం ఎత్తి చూపించారు.

"ఈ సంతకం ఎవరిదండీ?"

"మా కంపెనీవారిదేనండి. మాటలు మాత్రం వారివి కావు. బయట ఎవరిచేతో రాయించారు."

"రాసినవాళ్ల పేరు చెప్పండి, పిలిపిద్దాం."

లాయరు వెనక్కి తిరిగి కంపెనీ మేనేజరును చూశాడు. నిన్ను పిలిస్తే సూపర్‌వైజర్ వాంగ్మూలమూ వెంట వస్తుందని వాళ్లకు తెలుసు కాబోలు. "అలా పేరంటూ ఉండదండి" అన్నాడు.

"పేరు లేనివాళ్లు పొరపాటెలా చేస్తారండీ? సంతకం ఎవరిదో మాటా వాళ్లదే" అన్నారు జడ్జిగారు. మూడో పేరా అలాగే ఉండిపోయింది. సాయంత్రానికి కంపెనీవాళ్లు రాజీకి వచ్చారు. ఆమెకు బతికినంతకాలం నెలనెలా భత్యం ఇస్తారు. కాగితం మీద ఆమె ఎడమ చేత్తో సంతకం పెట్టింది. రెండు నెలలుగా సాధన చేస్తోందట. వంకరగానే వచ్చింది గానీ, పూర్తి పేరు రాసింది.

ఇక మామయ్య సంగతి. నీ ఉత్తరం చదివి వినిపించాను. "చెరపకపోవడం తప్పే. కక్షిదారు కాగితంలో మన మనసు పెట్టకూడదు. వచ్చాక తిడతాను" అన్నారు. మళ్లీ ఆయనే, "ఆరో పేరా మాత్రం బాగా రాసింది, నువ్వు తట్టుకోలేకపోయేదానివి" అన్నారు. నాకు ఒళ్లు మండింది, అది నిజం కనుక.

ఇప్పుడు నేనూ ఒకటి చెప్పాలి. నీ ఉత్తరం రాకముందే మాకు తెలుసు. జవాబు వచ్చిన రోజే మామయ్య మూడో పేరా చదివి కళ్లజోడు తీసేశారు. నాకు ఇచ్చారు, నేనూ చదివాను. ఆయన పెన్సిలు తీసుకుని, ఆ కాపీ వెనక నీ పేరు ఇంటిపేరుతో సహా రాసి మన ఫైల్లో పెట్టారు. ఎవరి చెయ్యో తెలిసీ నేను ఆ మాటను వాడుకున్నాను. కాబట్టి రెంటికీ చెడ్డానని నువ్వొక్కదానివే కూర్చుని ఏడవకు. నాకూ వాటా ఉంది.

నిన్న జడ్జిగారు రాసినవాళ్ల పేరు చెప్పమన్నప్పుడు ఆ కాగితం నా చేతిలోనే ఉంది. వెనక నీ పేరు. దాని మీద బొటనవేలు ఆనించి, వాయిదా అయ్యేదాకా అలాగే నిలబడ్డాను. ఇంటికొచ్చి చూస్తే పెన్సిలు నలుపు వేలికంటుకుంది.

బల్ల మీద పేపర్లు ఈసారి నిజంగానే తీసేశాను. బయల్దేరు.

నీ వదిన