అత్తయ్య పాటకు తగిన లినక్స్

బుధవారం, కోంటా

పాత లాప్‌టాప్‌ను నడిపించడానికి ఏ రకం లినక్స్ వేయాలో ఈ రోజు తేల్చేశాను. వచ్చే వారం జగదల్‌పూర్‌లో అత్తయ్యకు గొంతు ఆపరేషన్. ఆ తర్వాత పాడగలదో లేదో డాక్టరు చెప్పలేదు. ఆలోపు ఆమె వరినాట్ల పాటలన్నీ రికార్డు చేయాలి.

రెండు రకాలను పెన్‌డ్రైవ్‌ల మీద ఎక్కించి, లాప్‌టాప్‌లో ఏమీ చెరపకుండానే నడిపి చూశాను. మొదటిది అందరూ వాడే మామూలు రకం. ఎన్ని సెట్టింగులు మార్చినా, హెడ్‌ఫోన్లలో అత్తయ్యకు తన గొంతే కాస్త ఆలస్యంగా వినిపించింది.

"ఏంది పిల్లా, నా ఎనక ఎవరో అందుకుంటున్నరు?" అని ఆగింది. నాట్లలో ఒకరు పాడిన చరణాన్ని మిగతావాళ్లు అందుకునేదాకా ఆగడం ఆమెకు అలవాటు.

రెండోది ఆడియో పనికోసమే తయారైనది. ఆలస్యం దాదాపు లేదు. సంతోషంగా మళ్లీ పాడమన్నాను. ఒక్క చరణం పాడి ఊరుకుంది.

"ఇప్పుడు ఎవ్వరు అందుకుంటలేరు గదనే. ఒక్కదాన్నే ఎట్ల పాడాలె?"

"మిషన్ వింటదిలే అమ్మా, పాడు" అన్నారు మా ఆయన.

"మిషన్ వచ్చి నాతోటి నాట్లేస్తదారా?" అని కొడుకును కసిరింది.

రెండోదే వేస్తాను. పాత ఫైళ్లన్నీ వేరే డిస్కులో దాచాను. రేపు ఇంకో మైకు కూడా పెడతాను, నా కోసం. నాకు శ్రుతి లేదు, చరణాలు సగమే వచ్చు. అయినా అందుకుంటాను.

తప్పు పాడితే పాట ఆపి మరీ తిడుతుంది. ఆ తిట్లు కూడా చెరపను.