రిపోర్టు వచ్చేదాకా పందుల్ని అమ్మకు

శ్రీకరూ, పందులు కొనేవాడు ఇవాళ లారీతో వస్తే ఒక్కదాన్ని కూడా ఎక్కించకు. జీడిమెట్ల షెడ్డు తాళం నేనే పట్టుకెళ్తున్నాను. జ్వరంతో పడున్న పందుల రక్తం తీసి, ఐసు డబ్బాలో పెట్టుకుని పశువుల ల్యాబ్‌కి పోతున్నాను.

చెవులు ఎర్రబడగానే ఫోన్‌లో ఫోటోలు పోల్చి, “మామూలు స్వైన్ ఫీవరే బావా, టీకా ఉంది” అని తేల్చేశావే! టీకా దొరకని ఆఫ్రికా రకానికీ అవే చెవులు, అదే జ్వరం. ఏదన్నది ల్యాబ్‌లోనే తేలాలి. నువ్వు చేసింది రోగనిర్ణయం కాదురా, పందుల మీద పందెం! పైగా రిపోర్టు రాకముందే మిగిలినవి అమ్మేద్దామంటావా? అంటుకుంటే కొన్నవాడి మంద కూడా పోదా?

మీ ఆఫీసు క్యాంటీన్‌లో మిగిలిన కూడు ఉడకబెట్టకుండా పందులకు వేయొద్దని, అందులోని మాంసం ముక్కలతోనే రోగం వస్తుందని ఎంత మొత్తుకున్నాను! నీది సాఫ్ట్‌వేరైతే నా నోరు హార్డ్‌వేరు, సాయంత్రం వింటావులే.

షెడ్డులో తొడిగిన బూట్లు బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టు. అక్క ఉప్మా చేసి పెట్టింది, తిను.

— బావ

ఇంకోటి. నువ్వు సీసాతో పాలు పట్టి పెంచావే, ఆ ఆడపంది రక్తం కూడా తీశాను. పొద్దున అదీ లేవలేదు. నిన్ను లేపకుండా వెళ్తున్నది అందుకే.