నేను నడవని అడవి దారి

బుధవారం, రాత్రి

కొట్టు మూసే వేళ యాదగిరి నా కాళ్ళు మొక్కాడు. అబిడ్స్ బట్టల కొట్లో ఆరేళ్ళుగా నా పక్కన నిలబడి తానులు కొలుస్తున్నవాడు. రేపు తెల్లారి నాలుగింటికి తల్లిని వెంటబెట్టుకుని నాంపల్లి నుంచి శ్రీశైలానికి కాలినడకన బయలుదేరుతున్నాడు. సామాన్లకు వెంట బండి కూడా లేదు.

“శ్రీశైలం దాకా నడిచిన కాళ్ళన్నా గివి,” అన్నాడు.

సాయంత్రమంతా పెద్దమనిషిలా చెప్పాను. కొత్త చెప్పులు వద్దు, పాతవే వేసుకో. ఎండెక్కేలోపు నడిచి, మధ్యాహ్నం నీడన పడుకోండి. బొబ్బ లేస్తే చిదమొద్దు. అవన్నీ నిజమే, ఆ బొబ్బలు నావే. పోయినేడు నేనూ నడక మొదలుపెట్టి, అడవి మొదలయ్యే మన్ననూరులోనే వాటికి ఓడిపోయి, మా గుంపు సామాన్లు మోసే డీసీఎం వ్యాను ఎక్కాను. అడవంతా బియ్యం బస్తాల మీద పడుకునే దాటాను. శ్రీశైలం పొలిమేరలో దిగి, నడిచొచ్చిన వాళ్ళలో కలిసిపోయాను. ఈ సంగతి ఇంట్లో కూడా తెలియదు.

“అడవిల నీళ్ళు యాడ దొరుకుతయన్నా?” అని అడిగాడు.

“అడుగడుగునా దొరుకుతయిరా. ఒక్క సీసా చాలు, బరువు మోయకు.”

నేను చూసిన నీళ్ళు డీసీఎంలో నా పక్కనున్న డ్రమ్ములోవి.

నా మాట విని, తల్లి కోసం కొన్న ఐదు లీటర్ల క్యాను కౌంటర్ కింద పెట్టేసి పోయాడు. దారిలో ఇంకోటి కొనుక్కోమని ఫోన్ చేయాలి. రెండుసార్లు నంబరు తీసి, ఫోను పక్కన పెట్టాను. ఎందుకన్నా అని అడిగితే, వాడు మొక్కిన కాళ్ళ సంగతి చెప్పాలి…