నా నోట్లోని మౌత్‌పీస్

జూజువాడి

యతీశ్ బావకు,

ముందు పని సంగతి రాస్తాను. మనం నీళ్లలో దిగేటప్పుడు వీపున కట్టుకునే రెండు గాలి సిలిండర్లకూ ట్యూబులు మార్చాను. మీకు దవడ నొప్పి రావడానికి కారణం పాత ట్యూబు పొట్టిదై, గాలి పీల్చడానికి నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్‌ను పక్కకు లాగడమే. కొత్తది పొడుగు. కుడి చంక కింద నుంచి ఎదమీదుగా వచ్చి, మెడ వెనక తిరిగి నోటికి అందుతుంది. తల ఎటు తిప్పినా లాగదు.

తోటివాడికి గాలి అయిపోతే ఇవ్వడానికి ఉండే రెండో మౌత్‌పీస్ ఇంతకుముందు నా నడుము దగ్గర వేలాడేది. వేప్పనపల్లి బావిలో పడ్డ మోటరు తీస్తున్నప్పుడు మీరు గాలి లేదని సైగ చేస్తే, నేనిచ్చింది అదే. అప్పటికే అది అడుగు బురదలో ఈడ్చుకుపోయింది. మీ నోట్లోకి గాలికి బదులు బురద వచ్చింది. అందుకే పైకి ఎగబాకారు.

గట్టు మీద తోట యజమాని కేశవప్ప, "ఏమాయెనప్పా?" అని అడిగాడు.

"బావ భయపడిపోయినాడు" అన్నాను. మీరు దగ్గుతూనే ఉన్నారు, కాదనలేదు.

నిన్న వెళ్లి ఆయనకు నిజం చెప్పాను. "ఈ మాట ఆ పొద్దే ఏల చెప్పలేదప్పా?" అన్నాడు.

ఇప్పుడు ఆ రెండోది నా గడ్డం కింద రబ్బరు తాడుకు ఉంటుంది. అది నాకు. మీకు గాలి కావాలంటే నా నోట్లో ఉన్నదే తీసి ఇస్తాను. అది పనిచేస్తుందా అని మీరు అనుమానపడక్కర్లేదు. అప్పటిదాకా నేను పీల్చేది దాంతోనే.

ఆదివారం రండి. ట్యూబు మీ మెడకు కొలవాలి.

మీ బావమరిది