టర్బో మీద పాత బొట్టు

నరసరావుపేట, ఆదివారం రాత్రి

నా స్పోర్ట్స్ కారుకు, ఇంజిన్ జోరు పెంచే సెకండ్‌హ్యాండ్ టర్బోను ఈ రోజు ప్రతిష్ఠించడమైనది.

జపాన్ నుంచి నేరుగా దిగిందని అమ్మినవాడు ప్రమాణం చేశాడు. మెకానిక్ మస్తాన్ మామ జిడ్డు తుడుస్తుంటే మూలన పసుపు, దాని మీద కుంకుమ బొట్టు బయటపడ్డాయి.

"ఏందిరా, జపానోళ్లు బొట్లు కూడా పెడుతున్నారా?" అన్నాడు మామ.

లోపలి చక్రాన్ని వేలితో కదిపి చూశాడు. "కొంచెం ఊగుతోంది. నిలబడితే నిలబడుద్ది, లేకపోతే ఇంజిన్ కూడా పోద్ది. బిగించమంటావా?"

బిగించమన్నాను. స్టార్ట్ చేస్తే చక్కగా ఈల వేసింది.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. పూజ చేసి మరీ పెట్టుకున్న మనిషి దీన్ని ఎందుకు ఊడదీసి అమ్మినట్టు? పెళ్లి కుదిరి స్పీడు మానేశాడా, దీని వల్ల ఇంజిన్ పోయిందా...

రేపు కోటప్పకొండ ఘాట్ ఎక్కిస్తాను. కారు పైకి చేరితే, ఆ భక్తుడికి పెళ్లి కుదిరిందని అర్థం.