సత్తన్న ఉండగా పెనాల్టీ కొట్టేదెవరు

అల్వాల్,
మంగళవారం సాయంత్రం

ప్రియమైన అక్కకి,

నీ చెల్లెలు కరుణ వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ బాగున్నాను. నువ్వూ బావగారూ చిన్నీ బాగున్నారని తలుస్తున్నాను. బావగారి మోకాలు తగ్గిందా? చిన్నికి పరీక్షలు ఎప్పటినుంచి? చెవికి మెషిన్ పెట్టుకున్నాక ఫోన్లో నా మాట బదులు ఈల వినపడుతోందని నువ్వన్న దగ్గరనుంచి ఉత్తరాలే రాస్తున్నాను కదా, ఇవాళ ఫోన్ చేద్దామన్నా కుదరదు. నా గొంతు పోయింది. జ్వరం కాదు, జలుబు కాదు, కంగారు పడకు. ఆదివారం గ్రౌండులో అరిచి అరిచి పోయింది. ఆఫీసులో సైగలతో నెట్టుకొస్తున్నాను.

ఇక్కడ చలి మొదలైంది. మన నరసాపురం చలిలా చెమ్మగా ఉండదు, పెదాలు పగిలి నెత్తురొస్తుంది. ఆఫీసులో పని మామూలే, పాత ఫైళ్ళు, కొత్త దుమ్ము. తిండికి లోటు లేదు. ఇంటి ఓనరు యాదమ్మగారు రోజూ ఏదో ఒకటి గిన్నెలో పెట్టి పంపుతుంది. మొన్న జొన్న రొట్టె, పచ్చిపులుసు. నువ్వు పంపిన ఎండు రొయ్యలు ఆవిడే సగం తినేసింది, మళ్ళీ కాసిని పంపు. నేను బాగానే ఉన్నాను, నిజంగా బాగానే ఉన్నాను.

ట్రాన్స్‌ఫర్ కాగితం పెట్టావా అని రెండు ఉత్తరాల్లో అడిగావు. నరసాపురం ఆఫీసులో ఖాళీ ఉందనీ, నెలాఖరులోపు పెట్టాలనీ నాకు తెలుసు. ముందు గదికి సున్నం కూడా వేయించావట. చదివి ఏడుపొచ్చింది. కాగితం నింపేశాను అక్కా, సంచిలోనే ఉంది. ఎందుకు ఇవ్వలేదో చెప్పాలంటే ఫుట్‌బాల్ గురించి చెప్పాలి. నవ్వకు.

వచ్చిన కొత్తలో ఆదివారం ఆరాధన అయ్యాక గదిలో గోడల్ని చూస్తూ కూర్చునేదాన్నని రాశాను కదా. యాదమ్మగారు చూడలేక ఒక ప్లాస్టిక్ కుర్చీ నా చేతికిచ్చి తిరుమలగిరి గ్రౌండుకి లాక్కుపోయింది. మా అల్వాల్ టీమును పెట్టింది చనిపోయిన వాళ్ళాయనే. ఆయన పోయాక సత్తన్న నడుపుతున్నాడు. స్కూలు బస్సు డ్రైవరు, నలభై ఆరేళ్ళు, టీములో అందరికంటే పెద్ద. సగం ఆట అయ్యాక వాళ్ళకి బత్తాయిలు ఒలిచివ్వడం నా పని. ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచింది మొదట వాళ్ళే.

ఇంతకీ వీళ్ళు ఆడేదేమిటంటే, ఓడిపోవడం. ఎనిమిది టీముల్లో ఆఖరి టీమును కింది లీగుకి దించేస్తారు. దించితే టీము మూసేస్తానని సత్తన్న అనేశాడు. మొన్న ఆదివారం రాంగోపాల్‌పేట్ వాళ్ళతో చివరి ఆట. డ్రా అయినా చాలు, బతికిపోతాం. నేను ప్రార్థనలో బేరం పెట్టాను: టీము నిలిస్తే నేనూ ఇక్కడే ఉంటాను, పోతే సోమవారం కాగితం ఇచ్చేస్తాను అని. దేవుడితో బేరాలేమిటే అని నువ్వు తిడతావు. తిట్టు.

వీళ్ళ జబ్బు ఆట రాకపోవడం కాదు, మర్యాద. పెనాల్టీ వస్తే పెద్దవాడే కొట్టాలట! ఎదురుగా గోల్ కీపర్ ఒక్కడే ఉంటాడు, తిన్నగా తన్నడమే, చరణ్ అయితే కళ్ళు మూసుకుని కొడతాడు. చరణ్ మందుల షాపులో పనిచేస్తాడు, ఇరవై నాలుగేళ్ళు, టీము గోల్స్ అన్నీ అతనివే. కానీ సత్తన్న ఉండగా అతనెలా కొడతాడు? ఈ ఏడు మూడు పెనాల్టీలు సత్తన్నే కొట్టాడు. మూడూ గోడ దాటి రోడ్డు మీద పడ్డాయి. పదిమందిలో ఒక్కడు నోరు మెదపలేదు. పైగా చప్పట్లు.

నాకు ఒళ్ళు మండి శనివారం సత్తన్న బస్సు కడుగుతుంటే వెళ్ళి చెప్పేశాను, ఈసారి వస్తే చరణ్‌కి ఇవ్వండి అని. కోపం వస్తుందనుకున్నాను. ఆయన గుడ్డ పిండుకుంటూ, "నాకెర్కలేదా మేడం? ఎవ్వరన్న ఒక్కరు అంటరేమో, ఇచ్చేద్దామని చూస్తున్న. ఎవ్వరు అంటలేరు," అన్నాడు. ఒక్క మాట అడిగేవాడు లేక మూడు పెనాల్టీలు రోడ్డు పాలయ్యాయి అక్కా.

ఇక ఆట. సగం కాకముందే ఒక గోల్ తినేశాం. ఎలాగో తెలుసా? అవతలి వాడు మా నర్సింగ్‌ని గుద్దుకుని పడ్డాడు. మావాడు వాడికి చెయ్యిచ్చి లేపి, మట్టి దులిపి, దెబ్బ తగిలిందా అని అడుగుతున్నాడు. ఆ సందులో బంతి మా గోల్లో పడింది. నేను కుర్చీ ఎక్కి అరిచాను. యాదమ్మగారు నా కొంగు పట్టుకుని కిందికి లాగింది.

ఆట ఇంకో రెండు నిమిషాలు ఉందనగా మాకు పెనాల్టీ ఇచ్చారు. సత్తన్న బంతి తీసుకున్నాడు, నావైపు ఒకసారి చూశాడు, తీసుకెళ్ళి చరణ్ చేతిలో పెట్టాడు. చరణ్ వద్దన్నాడు. ఈయన కొట్టమంటాడు, అతను నువ్వే కొట్టన్నా అంటాడు, పెళ్ళిలో వడ్డన దగ్గర మొహమాటం లాగా. రిఫరీ విసుక్కుని ఈల ఊదాడు. చివరికి చరణ్ సత్తన్న కాళ్ళకి దణ్ణం పెట్టి బంతి పెట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బంతి గోల్ పోస్టుకి బారెడు దూరంలో పక్కకి పోయింది. తర్వాత ఈల. ఓడిపోయాం.

చరణ్ అంత దూరం తప్పి కొట్టే మనిషి కాడు. నేను తిన్నగా వెళ్ళి నిలదీశాను. తల వంచుకుని, "అన్న మూడు మిస్ చేసిండు. నేను కొడితే అన్న ఇజ్జత్ ఏముంటది మేడం?" అన్నాడు.

కావాలనే తప్పించాడు! తలకాయ ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు. బత్తాయి తొక్కల బుట్ట చేతిలో పట్టుకుని పదకొండు మందినీ వరసగా నిలబెట్టి తిట్టాను అక్కా. మీ మర్యాద మంట కలవ అన్నాను. పెద్దాయన గౌరవం టీము బతికితే నిలుస్తుందా, టీమును ముంచితే నిలుస్తుందా అన్నాను. పడ్డవాణ్ణి ఆట అయ్యాక లేపవచ్చని నర్సింగ్‌కి చెప్పాను. మాట పూర్తిగా పోయేదాకా తిట్టాను. తిడుతుంటే నాకే ఏడుపొచ్చింది, ఎందుకంటే ఆ బేరం నాకు గుర్తుంది, వాళ్ళకి తెలియదు.

ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. బుద్ధిగా నిలబడి విన్నారు. యాదమ్మగారు కళ్ళు తుడుచుకుని, "ఇంక తిట్టు బిడ్డా. మా ఆయన పోయినంక వీళ్ళను తిట్టెటోళ్ళు లేక గిట్లైన్రు," అంది. సత్తన్న బూట్లు విప్పి పక్కన పెట్టాడు. టీము మూయనన్నాడు. కింది లీగులోనే ఆడతారట, ఆయన మాత్రం ఆడడట. తానుంటే పిల్లలకి మర్యాద అడ్డమొస్తోందన్నాడు. ఇక టీమును నన్ను చూసుకోమన్నాడు.

నాకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదని గొంతు లేకుండానే మొత్తుకున్నాను.

"ఆట మాకొస్తది మేడం," అన్నాడు సత్తన్న. "తిట్టుడే రాదు."

సోమవారం కాగితం పట్టుకుని పెద్దాఫీసరు గది దాకా వెళ్ళాను. బేరం ప్రకారం ఇవ్వాలి కదా. తలుపు బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. నీ గది, ఆ సున్నం వాసన, గోదావరి గాలి, అన్నీ గుర్తొచ్చాయి. ఎంత బెంగగా ఉందో నీకే తెలుసు. కానీ అక్కా, నన్ను కావాలనేవాళ్ళు నీతో పాటు ఇక్కడా దొరికారు, ఏం చెయ్యను? నువ్వు అలగకు. సెలవుల్లో వచ్చి నెల రోజులుంటాను, ఆ గదిలోనే పడుకుంటాను. ఎండు రొయ్యలు ఈసారి ఎక్కువ పంపు, పదకొండు మంది ఉన్నారు.

బావగారికి నా నమస్కారాలు, చిన్నికి ముద్దులు. చర్చిలో మాణిక్యమ్మగారిని అడిగానని చెప్పు. నా గొంతు కోసం, వీళ్ళ బుద్ధి కోసం ప్రార్థించండి.

కాగితం ఇవ్వలేదు. ఆ బెంచీ మీదే దాన్ని తిరగేసి, వెనకవైపు టీము పేర్లు రాసుకున్నాను. అన్నిటికంటే పైన రాసింది ఇది: పెనాల్టీ చరణ్ కొట్టాలి, తప్పితే నాకు జవాబు చెప్పాలి.

నీ ప్రార్థనల్లో చోటు కోరుతూ,
నీ చెల్లెలు
కరుణ