మస్తానమ్మకు ఇచ్చిన మెమో

గురువారం

ఒంగోలు నుంచి ఎముకల డాక్టర్ వచ్చే రోజని తెలిసీ డ్యూటీ చార్టులో ఇద్దరు నర్సులనే వేశాను. ఒకామె రాలేదు. యర్రగొండపాలెం బస్సులు దిగిన జనంతో మా ఆస్పత్రి నిండిపోయింది. రాత్రంతా వార్డు చూసిన మస్తానమ్మనే పగలూ ఉండమన్నాను. ఆమె ఎప్పుడూ కాదనదు. మధ్యాహ్నం పక్క మంచం ఆయనకు వేయాల్సిన ఇంజెక్షన్‌తో ఒక ముసలాయన చెయ్యి పట్టుకుంది.

"ఏందక్కా, మా నాయనకు ఇందాకే వేసినారు గదా!" అని కూతురు ఆపింది కాబట్టి సరిపోయింది.

మేనేజర్ మెమో ఇమ్మన్నాడు. అజాగ్రత్త అని రాసిచ్చాను. మస్తానమ్మ సంతకం పెట్టి, "నిద్ర ఆగలేదక్కా, తప్పు నాదే" అంది.

ఆ మాట అనాల్సింది నేను. ఇప్పుడే వచ్చే వారం చార్టు వేశాను. ఇంకెవరూ ఒప్పుకోరు మరి... బుధవారం రాత్రికి, గురువారం పగటికి మళ్ళీ ఆమె పేరే రాశాను.